మీకు తెలుసా? తేనెటీగలు మాట వింటాయి

మార్గశిరం వచ్చిందంటే చాలు, కోరుకొండలో మా పెరటి చింతచెట్టు కింద అమ్మ బట్టలు ఆరేసేది కాదు. గంజి పెట్టి, నీలిమందులో ముంచి తీసిన నాన్నగారి పంచెల మీద మధ్యాహ్నానికల్లా ఆవగింజంత పసుపు చుక్కలు పడేవి. సబ్బు పెట్టి ఎంత రుద్దినా ఆ మరక ఓ పట్టాన వదిలేది కాదు. "చెట్టుకి పట్టు పట్టిందిరా, వేసవి దాకా ఇంతే" అంటూ దండెం విప్పి ముందు వసారాలోకి మార్చేది.

ఆ పసుపు చుక్కలు ఒకప్పుడు రెండు అగ్రరాజ్యాల మధ్య పెద్ద తగువు తెచ్చాయని మీకు తెలుసా? 1981 సెప్టెంబరులో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్ లోకమంతా వినేలా ఓ ఆరోపణ చేశాడు. లావోస్, కంబోడియా దేశాల్లో సోవియట్ యూనియన్ అండతో జనం మీద ఆకాశం నుంచి విషం చల్లుతున్నారన్నది ఆ ఆరోపణ. దానికి 'పసుపు వాన' అని పేరు పడింది. ఆకుల మీద, రాళ్ళ మీద ఎండిన పసుపు చుక్కల్ని సాక్ష్యంగా చూపించారు. హార్వర్డ్ శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్‌కి అనుమానం వచ్చింది, ఎందుకంటే ఆ చుక్కల నిండా ఉన్నది పుప్పొడి. 1984లో ఆయన, తేనెటీగల శాస్త్రవేత్త టామ్ సీలీ కలిసి థాయ్‌లాండ్ అడవులకి వెళ్ళి పెద్ద తేనెపట్లు వేలాడే చెట్ల కింద నిలబడ్డారు. కాసేపటికి పట్టు మీది ఈగలు గుంపుగా పైకి లేచాయి. వాళ్ళ మీద కూడా అదే వాన పడింది. అది కొండ తేనెటీగల రెట్ట. ఈ ఈగలు గూటి మీద మలినం చేయవు, వందలూ వేలూ ఒక్కసారిగా గాల్లోకి లేచి బయట విడిచి వస్తాయి. మా అమ్మ దండెం మార్చడం వెనక ఇంత కథ ఉందని నాకు నలభై ఏళ్ళు వచ్చాక గానీ తెలియలేదు.

107వ నంబరు ఈగ

బళ్ళో మాకు తేనెటీగ అంటే కష్టానికి మారుపేరని చెప్పారు. చీమని, తేనెటీగని చూపించి మమ్మల్ని బుద్ధి తెచ్చుకోమనేవారు. అది ఎంతవరకు నిజమో మార్టిన్ లిండావర్ అనే జర్మన్ శాస్త్రవేత్త కూర్చుని చూశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి తిరిగొచ్చిన సైనికుడాయన. ఓ డాక్టరు సలహా మీద తేనెటీగల పరిశోధకుడు కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఉపన్యాసం వినడానికి వెళ్ళి, ఇక తేనెటీగల్ని వదల్లేదు. అద్దాల గూటిలో ఒక ఈగకి 107 అని నంబరు వేసి, మొత్తం దాదాపు 177 గంటలపాటు అది ఏ నిమిషాన ఏం చేస్తోందో రాసుకున్నాడు. అందులో సుమారు 69 గంటలు ఆ ఈగ ఏ పనీ చేయలేదు. కదలకుండా ఊరుకుంది. మరో 56 గంటలు గూడంతా తిరిగింది. ఈ గదిలో తల పెట్టి చూసి, ఆ గదిలో తల పెట్టి చూసి, ముందుకి సాగిపోయింది.

ఆ తిరుగుడు సోమరితనం కాదు. ఏ గది శుభ్రం చేయాలి, ఏ పిల్లకి మేత చాలలేదు, ఎక్కడ మైనం పెట్టాలి అన్నది దానికి చెప్పేవాళ్ళు గూటిలో ఎవరూ లేరు. తనే తిరిగి తెలుసుకోవాలి. గూడు అడుగుతున్నదేమిటో వినాలి.

మా నాయనమ్మ తెల్లారుజామున ఓసారి, దీపాలు పెట్టే వేళ ఓసారి ఇల్లంతా ఒక చుట్టు చుట్టేది. బియ్యం డబ్బా మూత తీసి చూసేది, గేదె నుదురు నిమిరేది, నిద్రపోతున్న పిల్లల పొట్ట మీద చెయ్యి వేసేది. ఆవిడ చేతిలో ఏ పనీ కనిపించేది కాదు కాబట్టి ఊరికే తిరుగుతోందనుకునేవాళ్ళం. ఆవిడ పోయిన ఏడాది మా ఇంట్లో పప్పులు పురుగు పట్టాయి, గేదెకి జ్వరం వచ్చిన సంగతి రెండు రోజులు ఎవరికీ తెలియలేదు, మా చెల్లెలు అన్నం సరిగా తినట్లేదని బళ్ళో మేష్టారు చెప్తే తెలిసింది. 107వ నంబరు ఈగ గురించి చదివినప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఇన్నేళ్ళుగా చూశాక నాకు తోచిన మాట ఇదొక్కటే. తేనెటీగలో గొప్ప గుణం వినడం. కష్టం దాని తర్వాతే.

గోరింట కంచెలో జుంటి పట్టు

మన పెరళ్ళలో, పొలం గట్ల మీద పొదల్లో కట్టే అరచేతంత పట్టు జుంటి తేనె. దాని ఈగ కొండ తేనెటీగ కన్నా చాలా చిన్నది, నడుం దగ్గర ఎర్రని పట్టీ ఉంటుంది. ఒకే ఒక పెర, పుల్లని చుట్టుకుని కిందికి వేలాడుతుంది. ఆ పుల్ల మీద, పట్టుకి అటూ ఇటూ, జిగురు పూసి ఉంటుందని మీకు తెలుసా? చెట్ల బంక తెచ్చి ఈగలే పూస్తాయి. చీమ దాన్ని దాటి రాలేదు. వంటింట్లో తినుబండారాల గిన్నె చుట్టూ పళ్ళెంలో నీళ్ళు పోసి పెట్టే మన ఆడవాళ్ళ తెలివే ఇదీ.

కొన్నేళ్ళ క్రితం మాఘమాసంలో మా గోరింట కంచెలో ఓ జుంటి పట్టు పట్టింది. పొద్దున్న ఎనిమిదింటికి పీట వేసుకుని మూరెడు దూరంలో కూర్చునేవాణ్ణి. పెర పైభాగం పుల్ల మీద కాస్త వెడల్పుగా, చదునుగా ఉంటుంది, అరుగులాగా. బయటి నుంచి వచ్చిన ఈగ ఆ అరుగు మీద దిగి, ఒక దిక్కుకి ముఖం పెట్టి, పొట్ట అటూ ఇటూ ఊపుతూ గబగబా నాలుగడుగులు వేసేది. మళ్ళీ వెనక్కి తిరిగొచ్చి అదే దిక్కుకి అదే నడక. చుట్టూ ఐదారు ఈగలు తలలు దగ్గర పెట్టుకుని దాని వెంట తిరిగేవి. ఈ నడకలో అర్థం ఉందని కనిపెట్టినందుకే ఫాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. చీకటి తొర్రలో కట్టే ఈగలు నిలువు పెర మీద ఆడతాయి. అక్కడ నేరుగా పైకి నడిస్తే సూర్యుడి వైపు అని అర్థం, పక్కకి ఎంత వాలితే సూర్యుడికి అంత పక్కగా. పొట్ట ఊపే నడక ఎంతసేపు సాగితే పూలు అంత దూరం. జుంటి ఈగకి ఇన్ని లెక్కలు అక్కర్లేదు. ఆరుబయట, చదునైన అరుగు మీద, వెళ్ళాల్సిన దిక్కే చూపిస్తుంది. లిండావర్ 1950ల్లో సింహళం వచ్చి మరీ దీన్ని చూశాడు.

ఆ రోజు ఈగలన్నీ మా నూతి మీదుగా ఆగ్నేయం దిక్కు చూపిస్తున్నాయి. లేచి ఆ దిక్కునే నడిచాను. మా గోడ దాటి, పక్క దొడ్డి దాటి, ఓ వంద గజాలు వెళ్ళేసరికి విరగబూసిన మునగచెట్టు, దాని నిండా జుంటి ఈగలు. నాకు దారి చెప్పిన ఈగ అక్కడికి వెళ్ళొచ్చినదో కాదో చెప్పలేను గానీ, ఒక పురుగు చెప్పిన మాట విని నేను ఒక చోటికి చేరుకోవడం మాత్రం జీవితంలో అదే మొదటిసారి.

సంచి అందుకునేవాళ్ళు

పూల దగ్గర్నుంచి మకరందం తెచ్చిన ఈగ దాన్ని తనే గదిలో పోయదు. గూటిలో ఉండే మరో ఈగ నోటికి అందిస్తుంది. అందుకునే ఈగ వెంటనే ఎదురొస్తే, తెచ్చిన ఈగ ఉత్సాహంగా ఆడి, ఇంకొంతమందిని ఆ పూలకి పంపుతుంది. చాలాసేపు వెతికినా అందుకునేవాళ్ళు దొరక్కపోతే, దాని ఆట తీరు మారిపోతుంది. ఒళ్ళంతా వణికిస్తూ గూటిలో తిరుగుతుంది. 'తెచ్చేవాళ్ళు చాలు, అందుకునేవాళ్ళు రండి' అని దానర్థం అని 1992లో టామ్ సీలీ తేల్చాడు.

వేసవిలో నీళ్ళ సంగతీ అంతే. రోహిణీ కార్తెలో మా కుళాయి కింద తడి ఇటుక మీద వరసగా వాలి నీళ్ళు పీల్చుకునే తేనెటీగల్ని మీరూ చూసే ఉంటారు. అవి తమ దాహం కోసమే వచ్చినవి కావు. పిల్లలున్న పెర 35 డిగ్రీల వేడికి అటూఇటూగానే ఉండాలి. అందుకని తెచ్చిన నీటిని గదుల అంచుల మీద పూసి, రెక్కలతో విసురుతాయి. గూట్లో థర్మామీటరు చూసి చెప్పే పెద్ద ఎవరూ లేరు. నీళ్ళు తెచ్చిన ఈగని అందరూ ఆత్రంగా చుట్టుముడితే ఇంకా కావాలని అర్థం, మళ్ళీ వెళ్తుంది. ఎవరూ పట్టించుకోకపోతే మానేస్తుంది.

మన ఇళ్ళల్లో బజారు నుంచి వచ్చినవాళ్ళ చేతిలో సంచి గుమ్మంలోనే అందుకోవడం ఒక మర్యాద. కాళ్ళకి నీళ్ళివ్వడం, చెంబుతో మంచినీళ్ళివ్వడం. నేను రాజమండ్రిలో ఉద్యోగం చేసిన రోజుల్లో సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి నా సంచి ఎవరు, ఎంత త్వరగా అందుకున్నారన్నదాన్ని బట్టి ఆ వేళ ఇంట్లో సంగతి ఏమిటో నాకు తెలిసిపోయేది. ఇప్పుడు మా పిల్లలు వస్తే నేను లేస్తున్నానా లేదా అని నన్ను నేను గమనించుకుంటున్నాను.

మసి పూసుకున్న ఈగలు

తేనెటీగల గుంపు విడిపోయి కొత్త ఇల్లు వెతుక్కునే తీరు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. 1949లో లిండావర్ మ్యూనిక్‌లో ఓ కొమ్మకి వేలాడుతున్న గుంపుని చూశాడు. దాని మీద ఆడుతున్న కొన్ని ఈగల ఒళ్ళు మురికిగా ఉంది. ఒకదానికి మసి, ఒకదానికి ఎర్రటి ఇటుక పొడి, మరొకదానికి పిండి. పూల నుంచి వచ్చిన ఈగకి ఇటుక పొడి ఎలా అంటుతుంది? యుద్ధంలో బాంబులు పడి కూలిన ఊరది. ఈ ఈగలు పొగగొట్టాల్లోకి, మొండి గోడల కన్నాల్లోకి దూరి ఇల్లు వెతుక్కుని వస్తున్నాయి. తాము చూసిన చోటు గురించి ఆడి చెప్తున్నాయి.

ఒక్కొక్క ఈగ ఒక్కో చోటు బాగుందంటుంది. మరి ఏది ఖాయం చేసుకుంటాయి? విన్న ఈగ అక్కడే ఊ కొట్టదు. ఎగిరి వెళ్ళి ఆ కన్నం తనే చూస్తుంది, లోపల నడిచి కొలుస్తుంది. నచ్చితేనే తిరిగొచ్చి తనూ ఆడుతుంది. చోటు ఎంత బాగుంటే అంత ఎక్కువసేపు ఆడుతుంది, దాంతో అక్కడికి వెళ్ళి చూసేవాళ్ళు పెరుగుతారు. ఒక చోట ఇరవై ముప్పై ఈగలు ఒకేసారి పోగయ్యాయంటే మాట ఖాయమైనట్టు. అమెరికాలో చెట్లు పెద్దగా లేని ఆపిల్‌డోర్ దీవికి గుంపుల్ని తీసుకెళ్ళి, మంచివీ చెడ్డవీ పెట్టెలు పెట్టి, సీలీ ఏళ్ళ తరబడి దీన్ని పరీక్షించాడు. చాలాసార్లు గుంపు మంచి పెట్టెనే ఎంచుకుంది.

ఇందులో నన్ను కదిలించిన సంగతి ఇంకొకటి ఉంది. ఎంత మంచి చోటు చూసొచ్చిన ఈగైనా, తిరిగొచ్చిన ప్రతిసారీ కాస్త తక్కువగా ఆడుతుంది. చివరికి ఆట మానేసి ఊరుకుంటుంది. తన మాటే నెగ్గాలని ఆఖరిదాకా పట్టుబట్టి కూర్చునే ఈగ ఉండదు. చెప్పవలసింది చెప్పి, మిగతాది విన్నవాళ్ళ కళ్ళకి వదిలేస్తుంది.

మా ఇంట్లో ఒక ఆడపిల్ల పెళ్ళి సంబంధం ఇలా కాకుండా జరిగింది. పెద్దాయన ఒకరు బాగుందన్నారు. ఆయన అన్నారని మా బాబయ్య అన్నాడు, బాబయ్య అన్నాడని నాన్న అన్నాడు, నాన్న అన్నాడని నేనూ తలూపాను. కాకినాడ వెళ్ళి ఆ ఇంట్లో ఒక పూట కూర్చుని వచ్చిన మనిషి మాలో ఒక్కడూ లేడు. ఆ పిల్ల పడిన బాధకి నేను ఇవాళ్టికీ సమాధానం చెప్పుకోలేను.

అరటిపండు వాసన

తేనెటీగ కుట్టిన చోట ముల్లుతో పాటు ఒక వాసన కూడా వదులుతుంది. 'ఇక్కడే' అని మిగతా ఈగలకి చెప్పే వాసన. అందులో ముఖ్యమైన పదార్థమేమిటో 1962లో కనిపెట్టారు. మగ్గిన అరటిపండు వాసనకి ఉండే పదార్థమే అది. అందుకే పట్టు దగ్గర ఒక ఈగ కుడితే చేత్తో చరచకూడదు, పరిగెత్తి దూరం వెళ్ళాక ముల్లు గీరేసి ఆ చోటు కడుక్కోవాలి. రావులపాలెం అరటి గెలల మధ్య పెరిగిన పిల్లలకి ఈ మాట తప్పకుండా చెప్పండి.

తేనెటీగ పిసినారా?

కూడబెట్టి, తినక, ఎవరికీ పెట్టకపోతే చివరికి దారినపోయేవాడి పాలవుతుందని చెప్పడానికి వేమన తేనెటీగనే ఉదాహరణగా తెచ్చాడు. వేమన అంటే నాకు ప్రాణం. అయినా ఈ ఒక్కచోట ఈగ పక్షాన మాట్లాడాలనిపిస్తుంది. పూత అయిపోయి, వలస వెళ్ళే రోజులు వచ్చినప్పుడు కొండ తేనెటీగలు దాచుకున్న తేనె తాగి, పెర ఖాళీ చేసి మరీ బయల్దేరతాయి. మైళ్ళకి మైళ్ళు ఎగరడానికి అదే దారిబత్తెం. పిల్లలకి కరువు రోజుల్లో ఉంటుందని అటక మీద కుండలో పప్పు దాచిన మా నాయనమ్మ లాంటి దాపు అది.

రాణి ఏమీ చెప్పదు

గుంపుకి పెద్దగా ఉండే ఈగని అరిస్టాటిల్ రాజు అనే అనుకున్నాడు. పదిహేడో శతాబ్దంలో హాలండ్‌కి చెందిన యాన్ స్వామర్‌డామ్ కోసి చూసి, దాని కడుపులో అండాశయాలున్నాయని చూపించాడు. రాజు కాదు, తల్లి. ఆ తల్లి ఆజ్ఞలేమీ ఇవ్వదు. గుంపు విడిపోయే ముందు ఆవిడకి మేత తగ్గించి, ఒళ్ళు తేలిక చేసి, ఎగరడానికి సిద్ధం చేసేది కూలి ఈగలే.

ఆ తల్లి సంగతులు ఎన్నో బయటపెట్టిన మనిషికి చూపు లేదు. జెనీవాలో 1750లో పుట్టిన ఫ్రాన్స్వా ఉబేర్‌కి చిన్న వయసులోనే కళ్ళు పోయాయి. ఆయన ఇంట్లో పనిచేసే ఫ్రాన్స్వా బ్యూర్నాన్ ఆయన కళ్ళయ్యాడు. ఉబేర్ అడిగేవాడు, బ్యూర్నాన్ చూసి చెప్పేవాడు. ఉబేర్ మళ్ళీ అడిగేవాడు. కూలి ఈగల్లో గుడ్లు పెట్టేవి ఉన్నాయా అన్న ఒక్క ప్రశ్న కోసం బ్యూర్నాన్ రెండు గూళ్ళలోని ఈగలన్నిటినీ ఒక్కొక్కటిగా చేత్తో పట్టుకుని చూశాడు. పదకొండు రోజులు పట్టింది. అలా వచ్చిన పుస్తకం 1792లో అచ్చయింది. తల్లి ఈగ గూటి బయట, గాల్లో జతకడుతుందని ఈ ఇద్దరూ రుజువు చూపించారు. ఒకరు చూసినదాన్ని మరొకరు అంత నమ్మకంగా విన్న సందర్భం నేను ఇంకోటి ఎరగను.

వినడం అంటే నాకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. శ్రీశైలంలో భ్రమరాంబ గుడి వెనక గోడకి చెవి ఆనించి తుమ్మెదల నాదం వినే భక్తుల వరసలో నేనూ ఒకసారి నిలబడ్డాను. అరుణాసురుణ్ణి చంపడానికి అమ్మవారు తుమ్మెదల రూపం ఎత్తిందని కథ. నా ముందున్న ముసలావిడ చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, వెనకవాళ్ళు తొందరపెడుతున్నా కదల్లేదు.

కోరుకొండ తీర్థంలో

ఫాల్గుణమాసంలో కొండ మీది లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి కోరుకొండ తీర్థం జరుగుతుంది. మెట్ట పొలాల్లో మామిడి, జీడిమామిడి పూతలు ఉండే కాలం అది. తీర్థంలో జీళ్ళ దుకాణాల మీద ఈగలు ముసిరి ఉంటాయి, దుకాణం ఆవిడ తాటాకు విసనకర్రతో తోలుతూ ఉంటుంది. ఆ ఈగల్లో కొన్ని మా చింతచెట్టువే అయి ఉంటాయని నా నమ్మకం.

ఆ రోజుల్లో కొండ తేనెపట్టుని కాస్త దూరం నుంచి చూడండి. కందిరీగ ఒకటి దగ్గరికి వచ్చిందంటే వందల ఈగలు ఒకదాని వెంట ఒకటి క్షణంలో పొట్టలు పైకి లేపుతాయి. కోతకొచ్చిన వరిచేను మీద గాలి పాకినట్టు ఒక అల పట్టంతా జారిపోతుంది. కందిరీగ తడబడి పక్కకి తప్పుకుంటుంది. ఒక్క ఈగ ప్రాణం పోకుండా, ఒక్క ముల్లు దింపకుండా జరిగే కాపలా ఇది. 2008లో గెరాల్డ్ కాస్ట్‌బెర్గర్ బృందం దీన్ని వీడియోల్లో పట్టి వివరించింది. వెన్నెల రాత్రుల్లో కూడా ఈ పెద్ద ఈగలు పూలకి వెళ్తాయి. వెన్నెల వాటికి చూపు కోసమే. దారి చెప్పే ఆటలో మాత్రం, భూమికి అవతలి వైపున్న సూర్యుడి లెక్కే పాటిస్తాయి.

చింతకొమ్మ మీద తెల్లటి గీత

నాకు పన్నెండేళ్ళప్పుడు మా చెట్టు కింద పక్కింటాయన్ని నాలుగు ఈగలు కుట్టాయి. పట్టు తీయించేద్దామని పెద్దలు అనుకున్నారు. గోకవరం వైపు నుంచి తేనె తీసే ఇద్దరు మనుషులు వచ్చారు. అమావాస్య రాత్రి. పెద్దాయన్ని మేమంతా తాతా అనేవాళ్ళం. ఆయన చెట్టంతా చూసి, నాన్నతో, "బాబుగారూ, పైన తేనె ఉన్న భాగం వరకే కోసుకుంటానండి. పిల్లలున్న పెర ఉంచేద్దామండి. పొగ పెడితే చాలండి, మంట ఎందుకండి. వేసవికి వాటంతటవే వెళ్ళిపోతాయండి" అన్నాడు. నాన్న వినలేదు. "మొత్తం దించెయ్. పిల్లలు తిరిగే చోటు" అన్నాడు. నేను మరీ ఉత్సాహంగా ఎండు తాటాకులు తెచ్చి కాగడాలు కట్టాను. మొదటి కాగడా వెలిగించి ఇచ్చింది నేనే.

మంట తగలగానే నిప్పురవ్వలు జలజల రాలాయి. ఈగలు ఆ రవ్వల వెంటే కిందికి దూకాయి. చీకట్లో అది చూడ్డానికి అందంగా ఉందని నేను చప్పట్లు కొట్టాను.

తెల్లారి చూస్తే చెట్టు కింద నేల కనబడలేదు. రెక్కలు కాలిన ఈగలు నడుస్తున్నాయి. కొన్నిటి కాళ్ళకి పుప్పొడి ముద్దలు అలాగే ఉన్నాయి. కొమ్మకి ఆనుకుని తేనె ఉండే మందపాటి భాగం కోసుకోగా, మిగతా పెర మూకుడులా నేల మీద పడి ఉంది. గదుల్లో బియ్యపు గింజల్లాంటి తెల్లటి పిల్లలు ఇంకా మెదులుతున్నాయి. అమ్మ ఏమీ మాట్లాడకుండా చీపురుతో ఊడ్చి చేటలోకి ఎత్తింది. రెండు చేటలు. నన్ను పట్టుకోమంది. ఆ చేట బరువు నా చేతులకి ఇంకా గుర్తుంది. కొమ్మ మీద పెర అంటిన చోట మైనం తెల్లటి గీతలా మిగిలింది.

తాత ఆ వేళ తన వాటా తేనె పట్టుకెళ్ళలేదు. పిల్లలున్న పెర వదిలి తేనె భాగం మాత్రమే కోయాలని ఈ రోజుల్లో మన ఏజెన్సీలో శిక్షణ ఇచ్చి మరీ చెబుతున్నారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అమ్మే తేనె సీసా చూసినప్పుడల్లా ఆ తాత గుర్తొస్తాడు. ఆ మాట మాకు ఆయన ఏ శిక్షణా లేకుండానే చెప్పాడు.

వలస వెళ్ళిన కొండ తేనెటీగలు ఆరు నెలల తర్వాత మళ్ళీ అదే చోటికి వస్తాయని మీకు తెలుసా? వచ్చేది అదే కుటుంబమా, వేరేదా అన్న అనుమానం చాలాకాలం ఉండేది. మన దేశపు ఈశాన్యంలో జన్యు పరీక్షలు చేసి చూశారు. తిరిగొచ్చింది అదే తల్లి ఈగ అని తేలింది. 2000లో నేచర్ పత్రికలో వచ్చింది. కూలి ఈగలకి అంత ఆయుష్షు లేదు. వెళ్ళినవి వేరు, వచ్చినవి వేరు. ఆ కొమ్మని ఎన్నడూ చూడని కూతుళ్ళు ఆ కొమ్మకే ఎలా వస్తాయో ఎవరు ఎవరికి చెప్తారో అనుకుంటూ నేను చాలా రాత్రులు ఆ చెట్టు కింద మంచం వేసుకుని పడుకున్నాను.

మా చెట్టుకి రెండేళ్ళు ఏమీ రాలేదు. మూడో ఏడు మార్గశిరంలో వచ్చాయి. వేరే తల్లే అయి ఉండాలి. పాత గీత పక్కనే కట్టాయి. ఆ తర్వాత ఎవరు ఏమన్నా నాన్న ఆ చెట్టు జోలికి ఎవర్నీ పోనివ్వలేదు. పిల్లల్ని ఆ పక్క ఆడుకోవద్దని చెప్పి, మధ్యలో ముళ్ళకంప వేయించాడు.

ఈ ఏడు కార్తీక పౌర్ణమి వెళ్ళిన నాలుగో రోజున, పొద్దున్న పదింటికి, ఐదారు ఈగలు ఆ కొమ్మ చుట్టూ తిరుగుతూ, వాలుతూ, లేస్తూ ఉండటం చూశాను. మర్నాడు ఇరవై దాకా ఉన్నాయి. అమ్మకి ఇప్పుడు సరిగ్గా వినపడదు. ఏం చూస్తున్నానని అడిగితే చేత్తో పైకి చూపించాను. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు చూసింది.

నిన్న మధ్యాహ్నం దండెం మీది నా తెల్లచొక్కా భుజం దగ్గర ఆవగింజంత పసుపు చుక్క. అమ్మ దాన్ని వేలితో తడిమి, ముందు వసారాలో మేకులు ఇంకా గట్టిగానే ఉన్నాయో లేదో చూడమంది.